గోవిందయ్య పాకం

గోవిందయ్యకు ఆఫీసర్లంటే భయం లేదు. వాళ్ల చేతిలో కాగితం ఉంటేనే భయం. ఉత్త చేతులతో వస్తే ఎంత పెద్ద ఆఫీసరుకైనా మంచం వాల్చి మజ్జిగ ఇప్పిస్తాడు, పక్కన కూర్చుని వాళ్ల పిల్లల చదువుల గురించి అడుగుతాడు. కాగితమో, ఈ కాలపు ట్యాబో కనబడిందంటే మాత్రం మనిషి ముడుచుకుపోతాడు. ఆపైన ఏమడిగినా ఒకటే జవాబు. "కూలి పని సార్."

ఆ భయం ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ల వయసులో, మీసం అప్పుడప్పుడే తిరుగుతున్న రోజుల్లో, ఊళ్లోకి ఒక జీపు వచ్చింది. అందులోంచి దిగినాయన మర్యాదగానే అడిగాడు, ఈ ఊళ్లో బెల్లం బాగా వండేది ఎవరని. గోవిందయ్య పొంగిపోయి "నేనే సార్" అన్నాడు. పేరు రాసుకున్నారు. సారా బట్టీలకు బెల్లం ఇచ్చేది నువ్వే కదా అని పదకొండు రోజులు లోపల కూర్చోబెట్టారు. అతను ఇచ్చిందీ లేదు, పుచ్చుకున్నదీ లేదు. తిరిగొచ్చిన కొడుకును వాళ్ల నాయన వాకిట్లోనే నిలబెట్టి ఒక్క మాట చెప్పాడు. "ఇంకెవురడిగినా కూలోణ్ని అను. కూలోని దగ్గర పెరుక్కునేదానికి ఏముంటాది?"

గోవిందయ్య ఆ మాటను తాను ఒంటబట్టించుకోవడమే కాదు, ఊరందరికీ నేర్పాడు. పాకాలకు ఐదు మైళ్ల దూరంలో ఉన్న ఎగువ నేరేడుపల్లెలో నూట ముప్పై ఇళ్లుంటే, నూట ముప్పై ఇళ్లలోనూ కాగితం పట్టుకొచ్చిన వాడికి కూలీలే దొరికేవాళ్లు. సొంత గానుగ ఉన్నవాడూ కూలే, నాలుగెకరాల మామిడి తోట ఉన్నవాడూ కూలే. బడిపంతులు ఇన్నేళ్లు చెప్పిన ఎక్కాలు మరిచారు గానీ ఈ పాఠం ఎవరూ మరవలేదు. పైగా దాంతో లాభమే జరిగింది. బియ్యం కార్డు వచ్చింది, ఉపాధి పని వచ్చింది. ఇంక ఎవరు మానుకుంటారు చెప్పండి?

కాగితం సంగతి పక్కన పెడితే, గోవిందయ్య అసలు పని బెల్లం వండటం. చెరకు ఆడించి, ఆ పాలు పెద్ద పెనంలో పోసి మూడు గంటలు కాచడం ఎవరైనా చేస్తారు. పెనాన్ని ఎప్పుడు దించాలో తెలిసినవాడే మేస్త్రి. ఒక నిమిషం ముందు దించితే బెల్లం గట్టిపడదు, వానాకాలానికి నీరుకారిపోతుంది. ఒక నిమిషం ఆలస్యమైతే మాడు వాసన కొట్టి సంతలో ఎవడూ ముట్టడు. రైతు ఏడాది కష్టమంతా ఆ నిమిషంలో ఉంటుంది. గోవిందయ్య పెనం ముందు నిలబడి, నురగ రంగు చూసి, చన్నీళ్ల గిన్నెలో వేళ్లు ముంచి, ఉడుకు పాకాన్ని చిటికెడు తీసి ఉండ చేసి చూసి, "దించండప్పా!" అనేవాడు. ఆ మాట మేస్త్రి నోటినుంచే రావాలి. పెనం సొంతదారుడైనా సరే, పాకం ముదిరిపోతోందని కళ్లారా చూస్తున్నా సరే, మేస్త్రి ఉండగా ఇంకొకరు ఆ మాట అనకూడదు. అది ఆ చుట్టుపక్కల ఊళ్ల కట్టుబాటు. మందులూ రంగులూ కలపని గోవిందయ్య పాకం అంటే చిత్తూరు మండీలో బస్తా విప్పకుండా కొనేవాళ్లు.

ఆ మాటా నిజమే, ఆ రోజులు పోయాయనేదీ నిజమే. చక్కెర ఫ్యాక్టరీలు ఒకటొకటే మూతపడ్డాక చెరకు వేసేవాళ్లు తగ్గారు. చెరకు పీకి మామిడి పెట్టారు. మామిడికి రేటు లేక ట్రాక్టరు కాయలు రోడ్డు పక్కన పారబోసిన ఏడూ చూశారు. మగపిల్లలు తిరుపతిలో లాడ్జీల దగ్గరా, అపార్టుమెంట్ల దగ్గరా కాపలాకు చేరారు. ఆడపిల్లలు తెల్లారుజామున కంపెనీ బస్సెక్కి తడ దాకా పోయి సెల్‌ఫోన్లు బిగించి వస్తున్నారు. ఊళ్లో ఇరవై రెండు గానుగలు ఉండేవి, మూడు మిగిలాయి. అందులో ఒకటి మునికుమార్‌ది. వరసకు గోవిందయ్యకు అల్లుడవుతాడు, మామా అని పిలుస్తాడు.

గోవిందయ్యకు ఒక్కతే కూతురు, కోమలి. పది పాసయింది. పెళ్లయిన మూడో ఏడు మొగుడు లారీ ప్రమాదంలో పోతే, చంకలో పసిబిడ్డ హేమశ్రీని పెట్టుకుని పుట్టింటికొచ్చింది. తల్లి అంతకుముందే పోయింది. అప్పటినుంచి ఇల్లూ, రెండు ఆవులూ, నాయనా ఆమె చేతి మీదే నడుస్తున్నారు.

ఆమె వచ్చిన ఏడాదికే గోవిందయ్య కళ్లు మసకబారాయి. తిరుపతి కంటి ఆసుపత్రిలో డాక్టరు చూసి, నరం దెబ్బతింది, ఆపరేషన్‌తో తిరిగొచ్చేది కాదు, ఉన్న చూపును కాపాడుకో పెద్దాయనా అన్నాడు. మనుషులు నీడల్లా ఆనుతారు, దారి తెలుస్తుంది. నురగ రంగు మాత్రం తెలియదు. బెల్లం మేస్త్రికి అంతకన్నా పోవడానికి ఏముంది? తిరుగు బస్సు పాకాలలో దిగాక గోవిందయ్య అన్నాడు.

"ఊర్లో చెప్పొద్దు బిడ్డా."

"చెప్పనులే నాయనా. ఈ తూరి నేనూ వస్తా పెనం కాడికి. నీళ్ల గిన్నె పట్టుకుంటా."

అలా మొదలైంది. కోమలి గిన్నె పట్టుకుని నాయన పక్కన నిలబడేది. నురగ చూసేది తనే, పాకం ఉండ చేసి చూసేది తనే; గోవిందయ్య పేరుకు గిన్నెలో చెయ్యి ముంచి తీసేవాడు. చిన్నప్పుడు గానుగల దగ్గరే ఆడుకుంది కాబట్టి చూపు ఉంది, రెండు సీజన్లకు చేయి కూడా కుదిరింది. దించే వేళ వచ్చిందంటే నెమ్మదిగా "నాయనా, మజ్జిగ తాగతావా?" అనేది. వెంటనే గోవిందయ్య గొంతెత్తి "దించండప్పా!" అనేవాడు. చూసేవాళ్లకు, పాపం ఆ పిల్లకు నాయన మీద ఎంత ప్రేమో అనిపించేది. అదీ అబద్ధం కాదు. ఆరు సీజన్లు గోవిందయ్య పాకం కోమలి వండింది. పేరు ఆయనది, వేళ్ల మీద బొబ్బలు ఆమెవి. రైతులిచ్చే కూలి ఆయన చేతికే వచ్చేది, అది ఇంటికే ఖర్చయ్యేది, అందులో నాది అని ఆమె ఏనాడూ అడగలేదు.

ఆయనకు ఆ విషయం గుచ్చుకోలేదా అంటే, గుచ్చుకుంది. చాలాసార్లు రాత్రి అన్నం తింటూ, రేపు మునికుమార్‌తో చెప్పేస్తా అనుకునేవాడు. తెల్లారి గానుగ దగ్గరికి పోగానే నలుగురూ లేచి "రా మేస్త్రీ" అనేవాళ్లు. ఆ పిలుపు విన్నాక నోరు పెగిలేది కాదు. ఆయన్ను తిట్టాలంటే ఇక్కడే తిట్టాలి. నాకైతే తిట్టబుద్ధి కావడం లేదు. ముసలితనంలో మనిషికి మిగిలేదే ఒక పిలుపు, దాన్ని చేజేతులా వదులుకోమంటే ఎంతమందిమి వదులుకుంటాం?

పోయిన శ్రావణ మాసంలో స్టెల్లా వచ్చింది. పాకాల రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన పిల్ల, డిగ్రీ చదివి సర్వేల్లో కాంట్రాక్టు పని చేస్తోంది. ఏ ఊళ్లో ఎవరికి ఏ పని వచ్చు, ఏ పని పెరుగుతోంది, ఏది తగ్గుతోంది అని జిల్లా అంతటా ఇంటింటికీ తిరిగి రాస్తున్నారు. చేతిలో ట్యాబు వెలుగుతోంది. ఇంకేం, గోవిందయ్య ముడుచుకుపోయాడు.

"పెద్దాయనా, మీరు చేసే పని?"

"కూలి."

స్టెల్లా ట్యాబు ఒళ్లో పెట్టుకుని ఆయన చేతుల వైపు చూసింది. ఆ వేళ్ల మీద నలభై ఏళ్ల పాకం మచ్చలు ఉన్నాయి. ఊళ్లోకి వస్తూ మూడు గానుగలు కూడా చూసింది.

"ఈ తూరి కూలి అనొద్దు పెద్దాయనా. అరవై ఇండ్లు తిరిగినా, అందురూ కూలే అంటాండారు. ఎవురికి ఏ పని వచ్చునో తెలిస్తే ఆ పనికి సాయం పెడతారంట. బెల్లం వండేవాళ్లు ఎక్కువుండే మండలంలో శిక్షణ కేంద్రం పెట్టాలని ఒక మాట ఉండాది. మేస్త్రికి నెల జీతం ఇస్తారు. నేను చెప్పకూడదు, అయినా చెప్తాండా."

ఇంత తియ్యగా మాట్లాడుతోందంటే వెనకాల ఏదో ఉందనుకున్నాడు గోవిందయ్య. ఆ జీపులో వచ్చినాయన కూడా ఇలాగే మర్యాదగా మాట్లాడాడు.

"బెల్లమా? మాకు తెల్దమ్మా. కూలికి పోతాం, తింటాం."

"సరే. మీ కూతురు కోమలి ఏం చేస్తారు?"

"ఆడబిడ్డ, ఏం చేస్తాదమ్మా. ఇంటి పని."

అప్పుడే కోమలి ఆవుకు కుడితి పెట్టి గుమ్మంలోకి వచ్చింది. ఆ మాట విన్నది. స్టెల్లా ఆమె వైపు తిరిగి, "ఇంటి పనేనా అక్కా?" అని మళ్లీ అడిగింది. కోమలి నాయన ముఖం చూసింది. ఆయనకు ఆమె ముఖం ఆనదు. "మా నాయన చెప్పినాడు కదా, అట్లే రాసుకో," అని లోపలికి పోయింది. చెప్పింది చెప్పినట్టు రాయాలన్నది స్టెల్లాకు నేర్పిన నియమం. రాసుకుంది, గోవిందయ్య చేత ట్యాబు మీద వేలిముద్ర వేయించుకుంది, ఎదురింటికి పోయింది. అక్కడ మునికుమార్ కూడా గానుగ గోడకే ఆనుకుని కూర్చుని, కూలి అన్నాడు.

మార్గశిరంలో చెరకు కొట్టే వేళకు సర్వే నివేదిక బయటికొచ్చింది. బెల్లం శిక్షణ కేంద్రం నిజమేనట, పక్క మండలానికి పోతోందట. ఆ మాట బస్టాండు టీకొట్టులో విని ఊరు గగ్గోలెత్తింది. మరుసటి రోజే ముప్పై మంది రెండు ఆటోల్లో, ఒక ట్రాక్టర్లో పాకాల మండలాఫీసుకు పోయారు. గోవిందయ్యను ముందు కూర్చోబెట్టుకున్నారు. కోమలి కూడా వచ్చింది. ఆ ఒక్క రోజు మాత్రం ఆమె మంచి చీర కట్టుకుంది, ఎందుకో గోవిందయ్య అడగలేదు.

నివేదిక రాసినాయన పేరు రామచంద్ర. నెమ్మదైన మనిషి. అందరినీ కూర్చోమని, కాగితాలు తిప్పి చదివాడు. వ్యవసాయ కూలీలు ఇంతమంది, కంపెనీ పనులకు పోయేవాళ్లు ఇంతమంది, ఇంటిపని చేసేవాళ్లు ఇంతమంది. "ఎగువ నేరేడుపల్లెలో బెల్లం తయారీని వృత్తిగా చెప్పినవారు, సున్న," అన్నాడు.

"సున్న ఏంది సార్!" మునికుమార్ లేచాడు. "మా ఊరు పుట్టిందే బెల్లంతో. మేమందురం బెల్లమోళ్లమే."

"మరి మా సర్వే అమ్మాయి ఇంటికొచ్చి అడిగితే నూట ముప్పై ఇళ్లలో ఒక్కరైనా చెప్పలేదేమప్పా?"

కొందరు గోవిందయ్య వైపు చూశారు. పాఠం చెప్పిన అయ్యవారి వైపు ఫెయిలైన పిల్లలు చూసినట్టు చూశారు. ఆయన తల వంచుకున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్లను అడిగి మరీ పెడతామంటే వద్దన్నారు, ఏం చేస్తాం?

రామచంద్ర చాలాసేపు ఆలోచించి ఒక దారి చూపించాడు. "రాసిన లెక్క నేను మార్చలేను. ఒకటి మాత్రం చేయగలను. మందు కలపకుండా పాకం తీయగలిగిన మేస్త్రి దొరకడం లేదని పక్క మండలం వాళ్లే అంటున్నారు. అట్లాంటి మేస్త్రి మీ ఊళ్లో ఉంటే, ఉన్నచోటే కేంద్రం పెట్టమని రాస్తాను. ఈ రోజే పేరు పంపాలి. ఎవరున్నారు?"

"గోవిందయ్య మామ ఉండాడు సార్!" అన్నారు అంతా.

"వయసు?"

"అరవై నాలుగు సార్," అన్నాడు గోవిందయ్య.

"యాభై లోపు ఉండాలి పెద్దాయనా. నేర్పాల్సింది ఇరవై ఏళ్లు. మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆడవాళ్లయితే మరీ మంచిది."

తలుపు దగ్గర కోమలి నిలబడి ఉందని గోవిందయ్యకు తెలుసు. ఒక్క మాట చాలు. నా కూతురుంది సార్, ఆరేళ్లుగా వండేది ఆ బిడ్డే. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. వస్తే దాని వెనకే ఇంకో మాట కూడా రావాలి. నేను గుడ్డివాణ్ని. ఆరేళ్లు మీ పెనాల ముందు నిలబడి, కనబడని నురగను చూస్తున్నట్టు నటించాను. మీరు మేస్త్రీ అని లేచి నిలబడ్డది నాకు కాదు. ఆ ముప్పై మంది ముందు, తన చేత వండించుకున్న తండ్రుల కొడుకుల ముందు, ఆ మాట ఎలా అనడం? మంచినీళ్లు కావాలన్నట్టు గుటక వేశాడు.

మునికుమార్ ఆయన వైపు చూశాడు. ఇంకొంచెం సేపు చూశాడు. ఆ తర్వాత రామచంద్రతో, "లేరు సార్," అన్నాడు.

కాగితాలు మూశారు. బయట వేపచెట్టు కింద ట్రాక్టరెక్కేటప్పుడు కోమలి నాయన చేయి పట్టుకుని ఎక్కించింది, ఎప్పటిలాగే. ఇంటికొచ్చి, మంచి చీర విప్పి మడతపెట్టి, రాగి సంగటి కెలికి పెట్టింది. ఆయన చేయి కంచంలో పెట్టాక అంది.

"నువ్వు చెప్తావనుకుంటి నాయనా."

అంతే. కోపం లేదు, ఏడుపు లేదు. తిట్టి ఉంటే గోవిందయ్య బతికిపోయేవాడు. ఆ పూట ఆయనకు సంగటి దిగలేదు. గడువు దాటినా సరే, పొద్దున్నే లేచి మండలాఫీసుకు మునికుమార్ చేత ఫోను చేయించాలనుకున్నాడు, పొద్దున్నే లేచాడు, మునికుమార్ ఇంటి దాకా పోయాడు, చెరకు బండి వచ్చిందా అని అడిగి తిరిగొచ్చాడు. మూడు రోజులు అలాగే పోయి అలాగే వచ్చాడు. నాలుగో రోజు కేంద్రం పక్క మండలానికి ఖాయమైందని తెలిసింది.

ఆ సీజన్లో కోమలి పెనం దగ్గరికి రాలేదు. హేమశ్రీ బడికి టైము కుదరడం లేదు నాయనా అంది. గోవిందయ్య కూడా ఒంట్లో బాగా లేదని చెప్పి ఇంట్లోనే కూర్చున్నాడు. రైతులు ఎక్కడినుంచో మందు కలిపే మనిషిని పిలుచుకున్నారు. బెల్లం తెల్లగా, అద్దాల బీరువాలో బొమ్మలా వచ్చింది. గోవిందయ్య ఒక ముక్క నోట్లో వేసుకుని ఉమ్మేశాడు, మళ్లీ ఎందుకుమ్మానా అని సిగ్గుపడ్డాడు.

మాఘంలో తిరుపతిలో ఒక కాలేజీలో జాబ్ మేళా పెట్టారు. కోమలి పోతానంది. నేనూ వస్తానన్నాడు గోవిందయ్య. నువ్వెందుకు నాయనా అన్నా వినలేదు. పాకాలలో బస్సెక్కేసరికి మునికుమార్ కూడా ఉన్నాడు, డిప్లొమా చదివిన కూతురిని తీసుకుని. గానుగ ఉన్నవాడి కూతురే కంపెనీకి పోతుంటే, ఇంక ఊళ్లో బెల్లం గురించి మాట్లాడేదేముంది?

మేళాలో టెంటు కింద బల్లలు వరసగా వేశారు. ఒక్కో కంపెనీకి ఒక్కో బల్ల. జనం తీర్థానికి వచ్చినట్టు ఉన్నారు. గంటన్నర లైన్లో నిలబడ్డాక కోమలి వంతు వచ్చింది. సెల్‌ఫోన్ల కంపెనీ బల్ల వెనక కూర్చున్న అమ్మాయి పేరు లోహిత, మెడలో కార్డు ఉంది. గబగబా అడుగుతూ కంప్యూటర్లో కొడుతోంది.

"పేరు? వయసు? చదువు? ఇంతకు ముందు ఎక్కడైనా పని చేశారా?"

"లేదు మేడం," అంది కోమలి.

"చేసింది!"

గోవిందయ్య గొంతు అంత పెద్దగా లేచేసరికి లైన్లో ఉన్నవాళ్లు తొంగి చూశారు. పెనం దించమని అరిచే గొంతు అది. "ఆరేండ్లు చేసిందమ్మా. బెల్లం పని. నా కాడ చేసింది."

లోహిత నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. "మీరు పనిలో పెట్టుకున్నారా పెద్దాయనా? మంచిది. అయితే అనుభవం ఉన్నట్టు చిన్న కాగితం రాసివ్వండి. ఏం పని, ఎన్నేళ్లు, మీ సంతకం. చాలు."

జీవితంలో మొదటిసారి గోవిందయ్యకు కాగితం అంటే ప్రాణం లేచొచ్చింది. చేయి చాచి తీసుకున్నాడు. రాయడానికి గీతలు ఆనలేదు. "నువ్వే రాయి బిడ్డా, నేను సంతకం పెడతా," అని కూతురికిచ్చాడు. కోమలి బల్ల అంచు మీద వంగి రెండు లైన్లు రాసింది. సంతకం చేయాల్సిన చోట నాయన వేలు పట్టుకుని పెట్టింది. ఆయన పేరు మొత్తం రాశాడు, ఇంటిపేరుతో సహా.

లోహిత కాగితం తీసుకుని చదువుతూ కంప్యూటర్లో కొట్టింది. "ఆరేళ్లు. నేను బెల్లం వండుతుంటే నా కూతురు సాయం చేసింది. సరే, హెల్పరు."

గోవిందయ్యకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్లను రెండు చేతులా పట్టుకున్నాడు. ఊరివాళ్లు వెనకే ఉన్నారు కాబట్టి, ఇంత దూరం వచ్చి కూడా ఆ బిడ్డ తన పరువే కాచింది.

"అది తప్పమ్మా. తిప్పి రాయి. ఆ బిడ్డ మేస్త్రి. నేనే సాయం. నాకు కండ్లు లేవమ్మా, ఆరేండ్లుగా లేవు. పాకం అంతా నా కూతురిదే. నాదని ఊరినంతా నమ్మించినా. రాసుకో అమ్మా, మేస్త్రి అని రాసుకో."

"నాయనా, ఊరుకో," అంది కోమలి.

లోహిత చేతులు ఆగలేదు. "పర్లేదు పెద్దాయనా. మాకు అందరూ హెల్పర్లుగానే చేరతారు. ఏది రాసినా జీతం ఒకటే," అంది. కోమలిని పక్క బల్ల దగ్గర ఫొటో దిగమంది. వెనకవాళ్లు జరగమన్నారు.

గోవిందయ్య జరిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కన ఎవరో భుజం పట్టుకుంటే నీడను బట్టి మునికుమార్ అని పోల్చుకున్నాడు.

"నవ్వు అబ్బా. వింటివి కదా. పోయి ఊర్లో చెప్పుకోని నవ్వండి," అన్నాడు గోవిందయ్య.

మునికుమార్ నవ్వలేదు. ఆయన్ను టెంటు బయట సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టి, పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మాకు తెలుసు మామా."

"ఏం తెలుసు?"

"కోమలి వండతాండాదని. రెండో ఏడే తెలిసిపోయింది. నువ్వు గిన్నె ఒక పక్కుంటే ఇంకో పక్క చెయ్యి ముంచతావుంటివి. ఊర్లో అందురికీ తెలుసు. నీ ఎదర అనేదెట్ల అని అనలేదు. పాకం బాగా వస్తాండాది, ఇంకేం గావాల?"

"మరి ఆ పొద్దు... మండలాఫీసులో ఆయప్ప అడిగినప్పుడు..." అన్నాడు గోవిందయ్య.

"నీ పక్కే సూసినా మామా. నువ్వే చెప్తావని సూసినా. అందురం సూసినాం. నువ్వు పలకలేదు. మేస్త్రివి నువ్వు కూసోనుంటే, నీ నోట్లోంచి రాకముందు నేనెట్ల చెప్పేది?"

కాపాడుకోవడానికి అసలు ఏమీ మిగలని పరువు కోసం కూతురి బతుకును పణంగా పెట్టాడు. ఊరు మర్యాద పాటించింది, కూతురు మర్యాద పాటించింది, సర్వే పిల్ల నియమం పాటించింది, తానొక్కడే ఒక్క మాట చెప్పాల్సినవాడు, తానే చెప్పలేదు. అరవై నాలుగేళ్ల మనిషి కాలేజీ గ్రౌండులో, అంతమంది పిల్లల మధ్య, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మునికుమార్ ఆపలేదు.

కోమలి ఫొటో దిగి, చేతిలో కాగితంతో వచ్చింది. నాయన పక్కన కూర్చుని తువ్వాలు తీసి మొహం తుడిచింది.

"పని ఇచ్చినారు నాయనా. సోమవారం రమ్మన్నారు. బస్సు తెల్లార్జాము నాలుక్కే వస్తాదంట, హేమశ్రీని నువ్వే లేపి బడికి పంపీయాల," అంది.

"పంపిస్తాలే బిడ్డా," అన్నాడు గోవిందయ్య.